బూడిద రాసుకోని చేతులు

చర్మవ్యాధుల విభాగంలో కొత్తగా చేరిన కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగడం అయ్యాక వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న తెల్లమచ్చల గురించే. బొల్లి రోగి వస్తే ఏ మందు రాయాలండీ అంటారు. ఏ మందు రాయాలో పుస్తకంలో ఉంది. అసలు రాయాలా వద్దా అన్నది మాత్రం లేదు. నా సర్వీసులో సగం ఆ రెండో ప్రశ్నతోనే పోయింది. రిటైరయ్యాక తీరుతుందనుకున్నాను, తీరలేదు.

కాలేజీ రోజుల నుంచి డైరీ రాసే అలవాటు నాది. ఇది రాయడం కోసం అరవైల చివరి సంవత్సరాలవి అటక మీద నుంచి దింపి వరసగా చదివాను. ఎండ ఎలా ఉంది, బస్సు ఎంత ఆలస్యమైంది, ఎవరిని చూశాను, ఏం ఇచ్చాను, అంతే ఉంది వాటిలో. ఆలోచనలు లేవు. అవన్నీ ఇప్పుడు వస్తున్నాయి, అదే చిక్కు. బదిలీలు, ప్రమోషన్లు, పైవాళ్ళతో పేచీలు ఇక్కడ రాయను. నాకు పని నేర్పిన మనుషుల గురించి రాస్తాను.

వెలుగులో చూడండి

నా మొదటి పోస్టింగు విజయనగరం. అక్కడి పెద్ద డాక్టరుగారు తెల్లమచ్చ అనగానే రోగిని రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కుపోయేవారు. "బల్బు కింద మచ్చ చూసి రోగం చెప్పేవాడు డాక్టరు కాదయ్యా, సోదె చెప్పేవాడు" అనేవారు. నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. మీరూ అలాగే చేయండి. పగటి వెలుగులో, చొక్కా విప్పించి, ఒళ్ళంతా చూడండి.

ఆ రోజుల్లో మా జిల్లాల్లో కుష్ఠు ఎక్కువ. ఒంటిమీద ఏ చిన్న మచ్చ వెలిసినా మనిషి ప్రాణం పోయినట్టు వచ్చేవాడు. నిజానికి చాలా మచ్చలు శోభి. గీకితే పొట్టు రాలుతుంది, పైపూత మందుతో పోతుంది. కుష్ఠు మచ్చ పాలలా తెల్లబడదు. వెలిసినట్టో రాగిరంగుగానో ఉంటుంది, అక్కడ స్పర్శ తగ్గుతుంది. కళ్ళు మూసుకోమని దూదిపోగుతో తాకితే తెలిసిపోతుంది. బొల్లి మచ్చ సున్నం వేసినట్టు తెల్లగా ఉంటుంది గాని దూదిపోగు తాకితే రోగి వెంటనే చెబుతాడు. నొప్పి లేదు, దురద లేదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు, ప్రాణం తీయదు. చర్మానికి రంగు పుట్టించే కణాలు అక్కడ పోతాయి, అంతే. ఎందుకు పోతాయో అప్పట్లో మాకు సరిగా తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్ళం.

పెద్ద డాక్టరుగారికి ఇంకో సూత్రం ఉండేది. రోగిని వట్టి చేతులతో పంపకూడదు. "నువ్వు మందు ఇవ్వకపోతే సంతలో ఇంకొకడు ఇస్తాడు. వాడు బావంచాల గింజలు నూరి పట్టు వేసి తోలు ఊడగొడతాడు. వాడి కంటే నువ్వు నయం కదా!" అనేవారు. బావంచాల ముద్ద పూసి, ఎండలో కూర్చోబెట్టి, బొబ్బలు లేపి పంపేవాళ్ళు ప్రతి సంతలోనూ ఉండేవారు. అందుకని ఆ మాట నాకు సబబుగానే తోచింది. మా దగ్గరున్న మందు కూడా ఆ జాతి గింజల సారమే, కాస్త శుభ్రంగా, కొలతగా తీసింది. రాసుకుని కాసేపు ఎండ తగలనివ్వాలి. ఎండ తోడైతేనే రంగు వస్తుంది, ఎక్కువైతే కాలుతుంది.

సూర్యుడికి సెలవు

నెల్లిమర్ల దగ్గరి పల్లె నుంచి సింహాచలం అనే రైతు వచ్చాడు. ముంజేతి మీద మచ్చ. మందు సీసా చేతికిచ్చి, ఇది రాసుకుని కాసేపు ఎండలో కూర్చో అన్నాను.

"ఎండలో కూకోడానికి మందేటి బాబూ? పుట్టిన కాడినుంచి ఎండలోనే ఉన్నాను."

"కాసేపే కూర్చోవాలి. ఎక్కువ ఉండకూడదు."

"మరి మిగతాసేపు నానెక్కడికెల్లాలి? సూరుడికి సెలవిస్తావేటి?"

వరండాలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. పెద్ద డాక్టరుగారూ నవ్వారు. చేతికి గుడ్డ చుట్టుకోమని చెప్పి పంపేశాం. అది గోగు ఊరబెట్టే కాలం. కట్టలు చెరువులో నానేసి, నడుం లోతు నీళ్ళలో నిలబడి నార ఒలుస్తారు. ఆ నీళ్ళలో గుడ్డ నిలుస్తుందా? సింహాచలం మళ్ళీ వచ్చేటప్పటికి ముంజేయి నిండా నీటిబొబ్బలు.

"ఎక్కువసేపు ఉండొద్దన్నాం కదయ్యా" అని పెద్ద డాక్టరుగారు కసిరారు.

"అన్నావు. నాను ఇన్నాను. గోగు ఇన్నాదేటి? ఊరిపోనాది. ఆ పూట ఒలవకపోతే కుళ్ళిపోతాది."

ఆ మందు నీడలో బతికేవాళ్ళ కోసం తయారైంది. ఆఫీసులో కూర్చునేవాడు కాసేపు బయటికొచ్చి ఎండ పుచ్చుకుని మళ్ళీ లోపలికి పోగలడు. మా జిల్లాల్లో ఆ భోగం ఎందరికుంది? అప్పటి నుంచి మచ్చ ఎప్పుడు వచ్చిందని అడిగే ముందు, మధ్యాహ్నం నువ్వెక్కడుంటావు అని అడగడం మొదలుపెట్టాను.

ఇంకో చిన్న సంగతి. ఒక బడిపంతులు రెండు పాదాల మీద మచ్చలతో వచ్చాడు. రెండు కాళ్ళకీ ఒకే ఆకారం. బొటనవేలి దగ్గర మొదలై అటూ ఇటూ చీలిన తెల్లటి చారలు. కిందికి చూస్తే ఆయన కొత్తగా కొన్న రబ్బరు చెప్పుల పట్టీలు సరిగ్గా అక్కడే ఉన్నాయి. అప్పుడప్పుడే అవి మా వైపు ఊరూరా వస్తున్నాయి. చెప్పులు మానేయించాను. కొన్నాళ్ళకు చారలు చాలావరకు పూడాయి. ఒంట్లోంచి వచ్చిన మచ్చకు అంచు వంకరటింకరగా ఉంటుంది. బయటి వస్తువు వేసిన మచ్చకు ఆ వస్తువు ఆకారం ఉంటుంది. అందుకే రోగి చేతులు ఏం ముట్టుకుంటాయో చూడండి. ఆ అలవాటే నన్ను దాలమ్మ దగ్గరకు తీసుకెళ్ళింది.

దాలమ్మ

తర్వాత నన్ను శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసకు వేశారు. చుట్టూ జీడిమామిడి తోటలు. మన్యం వైపు అలజడిగా ఉన్న రోజులు. సాయంత్రం బస్సు ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేకపోయేవారు. రోగులు ఒక కన్ను నా మీద, ఒక కన్ను రోడ్డు మీద వేసి మాట్లాడేవారు. నేనూ అంతే.

ఊళ్ళో ఆడవాళ్ళు చాలామంది జీడిపిక్కల షెడ్లలో పనిచేసేవారు. కాల్చిన పిక్కను చెక్కసుత్తితో కొట్టి, పప్పు చితక్కుండా బయటికి తీయాలి. పెంకులో నల్లటి జిడ్డు రసం ఉంటుంది. చర్మానికి తగిలితే కాల్చి నల్లగా అంటుకుంటుంది. అందుకని పనికి కూర్చునే ముందు అందరూ రెండు చేతులకూ బూడిద పట్టిస్తారు. షెడ్డు మధ్యలో బూడిద గంప ఉంటుంది. అది లేకుండా ఎవరూ పిక్క ముట్టుకోరు.

ఒక రోజు ఇద్దరు తోటికోడళ్ళు ఓపీకి వచ్చారు. పెద్దామె నూకాలమ్మ, నోరున్న మనిషి. రెండో ఆమె దాలమ్మ. రెండు చేతులూ కొంగులో దాచుకుని గోడవారగా నిలబడింది. మాట్లాడిందంతా నూకాలమ్మే.

"దీన్ని మేస్త్రీ బయటికి పొమ్మన్నాడు బాబూ. సేతుల్లోంచి రసి కారి పప్పుకి అంటుకుంటన్నాదంట. బూడిద రాసుకోవే అని సెప్పీ సెప్పీ నా నోరు పడిపోనాది. మా అందరికీ పనికొచ్చిన బూడిద ఈ మారాణికి పనికిరాదంట!"

చేతులు చూపించమన్నాను. వేళ్ళు బొగ్గులా ఉన్నాయి. మధ్యమధ్య బొబ్బలు పగిలి పచ్చిగా ఉన్నాయి.

"బూడిద ఎందుకు రాసుకోవు?" అన్నాను.

"మరిసిపోతన్నాను" అంది.

"రోజూనా?"

"రోజూనే."

"బువ్వ తినడం మాత్రం మరవదు" అని నూకాలమ్మ నవ్వింది.

ఆ నవ్వులో దాలమ్మ కలవలేదు. నూకాలమ్మను మందుల కిటికీ దగ్గరకు పంపి, కాలిన తోలు మెత్తబరచి తీయడం మొదలుపెట్టాను. ఒక చోట నల్లటి పొర లేచింది. కింద కాలిన చర్మానికి ఉండే గులాబీ రంగు ఉండాలి. లేదు. సున్నంలా తెలుపు. రెండో వేలు, మూడో వేలు, చేతి వెనక, అంతటా అదే. అంచులు వంకరగా ఉన్నాయి. ఇది పిక్కల రసం చేసింది కాదు. పాతది. రసం దాన్ని ఇంకాస్త రెచ్చగొట్టి ఉండవచ్చు.

దాలమ్మ చేయి లాక్కుంది. "దాన్ని పిలవకండి బాబూ."

"నూకాలమ్మకు తెలియదా?"

"ఎవలికీ తెల్దు. బూడిద రాసుకుంటే నలుపు అంటదు. నలుపు అంటకపోతే ఇది కనబడతాది."

షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళ చేతులు ఎంత జాగ్రత్తపడ్డా ఎంతో కొంత నల్లగానే ఉంటాయి. వాటి మధ్య దాలమ్మ చేతులు ఎవరూ ప్రత్యేకంగా చూడరు. చేతులు దాచుకోవడానికే ఆమె పిక్కలు కొడుతోంది. పని మానమంటే తెలుపు బయటపడుతుంది. బూడిద రాసుకోమన్నా బయటపడుతుంది. నేను గాయం మాన్పినా బయటపడుతుంది.

"మా యమ్మకి ఇలగే వచ్చినాది" అని గొంతు తగ్గించి చెప్పింది. "మా నాన్నే పశువుల సాలలోకి తోసీసినాడు. కంచం ఏరు, ముంత ఏరు. నాను గుంటనప్పుడు దగ్గిరికెల్తే ఈపు పగిలీది. అందులోనే సచ్చిపోనాది. ఈ ఇంటికి నన్నిచ్చినప్పుడు జొరమొచ్చి పోనాదని సెప్పినారు. మా యత్తకి తెలిస్తే నాకూ సాలే గతి."

గుంట అంటే ఆ వైపు చిన్నపిల్ల. దాలమ్మకూ ఒక గుంట ఉంది. పేరు గౌరి. ఆ పిల్ల పుట్టాక మచ్చలు మొదలయ్యాయట.

మందు కాని మందు

ఆమెకు నిజం చెప్పాను. రంగు తిరిగొచ్చేది ఎక్కువగా వెంట్రుకల మొదళ్ళ నుంచి. వేళ్ళ చివర్లలో వెంట్రుకలు లేవు. అక్కడ పోయిన రంగు ఏ మందుకీ సరిగా రాదు. మణికట్టు దగ్గర ప్రయత్నించవచ్చు. దానికీ నెలల తరబడి మందు రాసి ఎండ చూపించాలి, మొదట్లో చుట్టూ ఉన్న చర్మం ఇంకా నల్లబడి మచ్చ మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఆమె సూటిగా అడిగింది. "అయితే మందొద్దు. కాలకుండా నల్లగా ఉంచీది ఏటైనా ఉంటే ఇయ్యండి."

మా పెద్ద డాక్టరుగారు ఉంటే ఏదో ఒక సీసా ఇచ్చి పంపేవారు. నేను చాలాసేపు ఆలోచించాను. మాకు తెలిసినదొకటుంది. కలరా రోజుల్లో బావుల్లో వేసే ఎర్రమందు. నీళ్ళలో పలచగా కలిపి చర్మానికి పూస్తే గోధుమరంగు పడుతుంది, కొన్ని రోజులు ఉంటుంది. చిక్కగా కలిపితే అదీ కాలుస్తుంది. ముందు నా ముంజేతి మీదే పూసి చూసుకున్నాను. ఇంటికెళ్తే మా ఆవిడ, "ఆ తుప్పు చేత్తో నా వంటింట్లోకి రాకండి" అంది. ఆ మాటకు నేను నవ్వాలి. నవ్వలేకపోయాను.

గాయాలు మానేవరకు చేతులకు కట్లు కట్టాను. తర్వాత పూత ఎలా కలపాలో, ఎంత పలచగా ఉండాలో దాలమ్మకు కలిపి చూపించాను. పనికి కూర్చునే ముందు బూడిద తప్పదన్నాను. ఒప్పుకుంది. నూకాలమ్మకు మాత్రం ఇదంతా కాలిన గాయానికి మందు అని చెప్పాను.

"ఇదేటి బాబూ, బావిలో ఎయ్యాల్సింది మడిసికి ఎయ్యమంటావు? దీనికి కలరా వచ్చినాదేటి?" అంది నూకాలమ్మ.

పూత పనిచేసింది. దాలమ్మ మళ్ళీ షెడ్డుకు వెళ్ళింది. బొబ్బలు రాలేదు. ఎర్రమందు అయిపోయినప్పుడల్లా వచ్చి తీసుకెళ్ళేది, చేతులు చూపించి కాస్త నవ్వేది కూడా. వైద్యుడిగా నేను సంతోషించాల్సిన కేసు అది. సంతోషించలేకపోయాను. నేను రోగం కుదర్చలేదు. భయం కుదర్చలేదు. భయానికి మంచి ముసుగు కుట్టి ఇచ్చాను. మరి ఏం చేసి ఉండాల్సింది? ఆమెను ఆ సాల వైపు నెట్టే హక్కు నాకెక్కడిది? ఇటు చూస్తే ఇది తప్పు, అటు చూస్తే అది తప్పు.

మీలో ఎవరైనా ఇలాంటిచోట చిక్కుకుంటే, పూతలూ రంగులూ చికిత్స కావని కొట్టిపారేయకండి. కొందరికి అంతకంటే మంచి చికిత్స లేదు. ఆ పూత ఎవరి కళ్ళ కోసం పూస్తున్నారో మాత్రం మరిచిపోకండి.

గౌరి

కొన్నాళ్ళు గడిచాయి. ఒక ఉదయం దాలమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. గౌరి మోకాలి కింద చిన్న మచ్చ. కొత్తది. దాని మీద నూగు వెంట్రుకలు ఇంకా నల్లగానే ఉన్నాయి.

"దీనికీ ఆ ఎర్రమందే ఇయ్యండి. గుంటకి ఎలా పూయాలో నాకు తెలుసును" అంది దాలమ్మ.

"దీనికి అది ఇవ్వను. ఇది కొత్త మచ్చ, వెంట్రుకలకు రంగుంది. సరిగా వైద్యం చేస్తే రంగు రావచ్చు. బాగా పలచన చేసిన మందు రాసి, పొద్దుటి ఎండ కాసేపు తగలనివ్వాలి. రోజు విడిచి రోజు."

"ఎండెక్కడ తగలాల? మా వాకిట్లోనా? ఈదంతా సూస్తాది."

"చూస్తుంది."

"ఎక్కడ్నించి వచ్చినాదంటారు."

"అంటారు."

ఆమె మొహం మారిపోయింది. "నాకిచ్చినావు. దీనికియ్యవేటి?"

"నీకు మందు పని చేయదు కాబట్టి ఇచ్చాను. దీనికి చేయవచ్చు."

"సేయవచ్చంటే? సేస్తాదనేనా?"

"చెప్పలేను."

"సెప్పలేవు! సెప్పలేనిదాని కోసం నా గుంటని ఈదిలో నిలబెట్టమంటావా?"

పిల్ల చేయి పట్టుకుని వెళ్ళిపోయింది. గౌరి గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూసింది. ఏం జరిగిందో దానికి అర్థం కాలేదు.

ఆ తర్వాత ప్రతి ఓపీ రోజూ వరసలో వాళ్ళ కోసం చూశాను. రాలేదు. ఎర్రమందు కోసమైనా దాలమ్మ రావాలి కదా, రాలేదు. షెడ్డు వైపు నడకకు వెళ్ళి గేటు దాకా పోయి వెనక్కి వచ్చేశాను. వాళ్ళ ఇంటికి వెళ్దామనుకున్నాను. డాక్టరు ఇంటికొస్తే వీధికి ఇంకేం కావాలి? నా మాట పట్టింపు వల్ల ఆ పిల్ల కూడా బూడిద మానేసి పిక్కలు కొట్టే రోజు వస్తుందేమో అనిపించేది. అడిగిన పూత ఇచ్చేస్తే పోయేదేమో అనీ అనిపించేది.

అందరూ వచ్చిన రోజు

చివరికి వచ్చారు. దాలమ్మ, గౌరి, దాలమ్మ మొగుడు అప్పన్న, ముసలి అత్త, వెనక నూకాలమ్మ. అప్పన్న లారీలకు బస్తాలు ఎత్తే మనిషి. మాట తక్కువ. పిల్ల మచ్చ అత్త కంట పడిందట. ఇంట్లో గొడవ జరిగి, డాక్టరు దగ్గరే తేల్చుకుందామని బయల్దేరారట. అంతవరకే వాళ్ళకు తెలుసు.

నేను పిల్లను దగ్గరకు పిలిచాను. దాలమ్మ అడ్డం వచ్చింది. "గుంటని తరవాత సూద్దురుగాని. ముందు ఇవి సూడండి" అని కొంగులోంచి రెండు చేతులూ తీసి బల్ల మీద పెట్టింది.

పూత లేదు. వేళ్ళు, చేతి వెనక, మణికట్టు దాకా మచ్చలు. కొన్నాళ్ళుగా పూయడం మానేసి, షెడ్డులో బూడిద చాటున, ఇంట్లో కొంగు చాటున చేతులు దాచుకుంటూ తిరిగి, ఈ రోజు కోసం సిద్ధపడినట్టుంది.

అప్పన్న ఆ చేతులు చూసి, మొహం చూసి, మళ్ళీ చేతులు చూశాడు.

"ఇదేటే? ఎప్పటినించి?" అంది అత్త.

"గుంట పుట్టిన కాడినించి. మా యమ్మకీ ఇదే. జొరం కాదు. సాలలో సచ్చిపోనాది."

"ఓలమ్మో! ఇన్నేళ్ళూ ఈ సేత్తోనే నాకు బువ్వెట్టినావా?"

"ఎట్టినాను."

"ఇప్పుడెందుకు సెప్పినావే? దాసినదానివి దాసుకోనేకపోనావా?"

దాలమ్మ అత్త వైపు తిరగకుండా నాతో చెబుతున్నట్టు అంది. "గుంటకొక్కదానికే ఉన్నాదంటే దీన్నొక్కదాన్నే తోసేస్తారు బాబూ. నాకూ ఉన్నాదంటే, తోసినా ఇద్దరం ఉంటాం."

ముసలామె కోపం నా మీదకు తిరిగింది. "నువ్వు డాక్టరువేనా? గాయమన్నావు, మందన్నావు. మాతో అబద్దమాడినావు."

ఆడాను. రోగం సంగతి మాత్రం ఈసారి దాచకుండా చెప్పాను. ఇది కుష్ఠు కాదు. కంచం వల్ల రాదు, పక్కన పడుకుంటే రాదు, చేతి కూడు తింటే రాదు. కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి కనిపిస్తుంది, చాలా కుటుంబాల్లో ఒక్కరితోనే ఆగిపోతుంది. గౌరికి పిల్లలు పుడితే వస్తుందా అంటే నాకు తెలియదు.

"అంటదని నాకు తెలుసును" అంది నూకాలమ్మ అంతవరకు పట్టుకున్న నోరు వదిలి. "ఇన్నేళ్ళు దీని పక్కనే కూకుని కొట్టినాను. ఒక్క ఆకులో తిన్నాం. నాకేటయినాదే అత్తా?"

"నీకేటవుతాది? రోగాలే నిన్ను సూసి పారిపోతాయి!"

అప్పన్న అప్పుడు నోరు విప్పాడు. "గుంటకి మందెలా రాయాల బాబూ? సెప్పండి."

భార్యతో మాత్రం మాట్లాడలేదు. వాళ్ళు గేటు దాటేవరకు వరండాలో నిలబడి చూశాను. ముసలామె ముందు, అప్పన్న ఆమె వెనక, బాగా ఎడంగా దాలమ్మా పిల్లా. నూకాలమ్మ ఆ రెండు జంటల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఏదో వాదిస్తూనే ఉంది.

తర్వాత

దాలమ్మను సాలలోకి తోయలేదు. అలాగని కౌగిలించుకున్నదీ లేదు. ముసలామె ఆమె పొయ్యి మీద వండింది ముట్టనంది. ఇంట్లో రెండు పొయ్యిలయ్యాయి. దాలమ్మ, అప్పన్న, గౌరి ఒక వైపు, అత్త నూకాలమ్మ వైపు. అప్పన్న కొన్ని వారాలు ఇంటి అరుగు మీద తిని లేచిపోయేవాడట. షెడ్డులో ఇద్దరు ముగ్గురు దాలమ్మ పక్క నుంచి దూరం జరిగారు. వాళ్ళ చోట్లో నూకాలమ్మ తన పీట ఇంకా దగ్గరగా వేసుకుందట. చేతుల నిండా బూడిద పట్టించి దాలమ్మ పిక్కలు కొట్టడం మానలేదు.

గౌరి వైద్యం వాకిట్లోనే జరిగింది. వాళ్ళింట్లో గడియారం లేదు. ఎండలో ఎంతసేపు ఉంచాలో చెప్పడానికి నేను అవస్థ పడుతుంటే దాలమ్మే దారి చూపింది. వీధి కుళాయి కింద బిందె పెట్టి, అది నిండేదాకా పిల్లను ఎండలో ఉంచుతానంది. ఆ కుళాయి ధార ఎంత సన్నమో నేను వెళ్ళి చూసి, సరే అన్నాను. సింహాచలం చేయి ఇంకా నా కళ్ళ ముందు ఉంది. ప్రతి వారం పిల్ల కాలు చూసేదాకా నాకు స్థిమితం ఉండేది కాదు. వీధి పిల్లలు మొదట్లో గౌరి చుట్టూ చేరి చూసేవారట. తర్వాత ఆ బిందె నిండడం వాళ్ళకూ ఒక ఆటైపోయింది.

కొన్ని నెలలకు మచ్చలో నువ్వుగింజల్లాంటి నల్లచుక్కలు మొలిచాయి. చుక్కలు కలిసి కలిసి మచ్చ చాలావరకు పూడింది. కాలి ఎముక మీద కొంచెం మిగిలింది. అది పోదేమో అని చెప్పాను. ఇంకో చోట కొత్తగా రావచ్చు అని కూడా చెప్పాను. బొల్లి వైద్యంలో మంచి వార్త ఎప్పుడూ పూర్తిగా మంచిది కాదు. అలా ఉందని చెప్పే డాక్టరును నమ్మకండి.

ఇప్పుడు కొత్త మందులు, ఎండకు బదులు వాడే కొత్త దీపాలు వచ్చాయని మీరు చెబుతుంటే వింటున్నాను. మంచిదే. వాటితో పాటు ఈ మాట కూడా పట్టుకెళ్ళండి. మందు ఇస్తే రంగు వస్తుందా అన్నది చర్మం చెబుతుంది. మందు ఇవ్వాలా అన్నది ఆ మనిషి చెప్పాలి. వాళ్ళు ఒక జవాబు చెప్పి కొన్నాళ్ళకు ఇంకో జవాబు చెబుతారు. రెండుసార్లూ వినాలి. పెద్ద డాక్టరుగారి సూత్రంలో నాకు నచ్చనిది అదే. చేతిలో సీసా పెట్టేస్తే ఇక వినక్కర్లేదని ఆయన లెక్క.

నా బదిలీకి ముందు దాలమ్మ గౌరిని చూపించడానికి ఒకసారి వచ్చింది. అత్త ఎలా ఉందని అడిగాను.

"మా పొయ్యి కాడికే వచ్చీసినాది బాబూ."

"భయం పోయిందా?"

"బయ్యమెక్కడ పోతాది? నూకాలు కూర తినలేక వచ్చినాది. నా సేతుల కంటే నూకాలు ఉప్పుకే మా యత్తకి ఎక్కువ బయ్యం!" అని పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ చేతులు అలా దాపరికం లేకుండా మొహం ముందుకు రావడం నేను అప్పుడే చూశాను.

వేళ్ళ సంగతి ఎలా ఉన్నా మణికట్టు దగ్గరైనా మందు మొదలుపెడదామా అని అడిగాను. గౌరికి పనిచేసింది కదా, కొంతైనా రావచ్చన్నాను. ఆమె తన చేతులను తిప్పి తిప్పి చూసుకుంది. ఎవరివో చేతులు చూసినట్టు చూసింది.

"ఒగ్గీండి బాబూ" అంది. "మావోలు ఇప్పుడిప్పుడే ఈ తెలుపుకి అలవాటు పడతన్నారు. మళ్ళీ నలుపు సేసీసి ఆళ్ళని కంగారెట్టకండి."

పిల్ల మోకాలి మీదికి పరికిణీ దించి, చేయి పట్టుకుని వరండా మెట్లు దిగింది. షెడ్డులో పనికి వేళవుతోంది.